నల్లకారు మీద మసక

ఆగస్టు 11

ఈ డైరీ పెయింట్ల కొట్టువాళ్ళు జనవరిలో ఇచ్చారు. షెడ్డులో కంప్రెసర్ కాలు ఒకటి పొట్టిదైతే ఇన్నాళ్ళూ దాని కింద ఎత్తు పెట్టాను. ఇవాళ బయటికి లాగి దుమ్ము దులిపాను. నాకు డైరీలు రాసే జబ్బు లేదు. కారణం ఒకటే. ఫినిషింగులో మసక వస్తోంది. ఇన్నేళ్ళ సర్వీసులో ఎప్పుడూ లేనిది. కాంపౌండ్ కొట్టి, పాలిష్ పట్టి, గుడ్డతో తుడిచాక రంగులో నా మొహం కనపడాలి. అలాంటిది లైటు పెట్టి చూస్తే పైన పల్చగా పాలమీగడ లాంటి పొర. తప్పు ప్యాడ్‌దా, పాలిష్‌దా తేల్చాలి. ఏ కారుకి ఏది వాడానో, ఎలా వచ్చిందో రాసుకుంటే దొంగ దొరుకుతాడు.

ఇది నా ఒక్కడికే. షెడ్డులో ఏసోబు చూస్తే నవ్వుతాడు. ఇంట్లో అనసూయ చూస్తే మిగిలిన పేజీల్లో పాలవాడి లెక్క రాస్తుంది.

ఇవాళ పని: తెల్ల కారు. మసక లేదు. తెల్ల రంగు మీద ఏదీ కనపడదు కాబట్టి దాన్ని పరీక్ష కింద తీసుకోను.

ఆగస్టు 13

మాచర్ల నుంచి ముదురు నీలం బండి. ఒళ్ళంతా సిమెంటు లారీల దుమ్ము. డ్రైవరు ప్రదీప్ దాన్ని పొడిగుడ్డతో తుడిచి తుడిచి రంగు మీద సాలెగూడు అల్లిపెట్టాడు.

"నీళ్ళు కొట్టకుండా తుడవమాకరా అంటే వినవేందిరా?"

"మా సారుకి పొద్దున్నే మెరవాలన్నా."

మెరవాలంట! గరుకు కాగితంతో రుద్దితే మెరుస్తుందా?

నా పద్ధతి మారలేదు. బానెట్ మీద టేపుతో చిన్న గడి కట్టాను. ముందు మెత్తటి నల్ల ప్యాడ్, పల్చటి పాలిష్. గీతలు పోకపోతే పసుపు ప్యాడ్. అప్పటికీ పోకపోతే నారింజ ప్యాడ్, కోసే పాలిష్. ఊలు ప్యాడూ కాంపౌండూ ఆఖరున, అదీ తప్పనిసరైతేనే. రంగు మీదుండే క్లియర్ పొర కాగితం కన్నా పల్చన. పాలిష్ చేయడమంటే ఆ పొరని కాస్త తినడమే. తక్కువ తిని ఎక్కువ మెరిపించాలి, అంతే పని. ఆ పనిలో నరసరావుపేటలో నన్ను మించినవాడు లేడు. ఇది నేననేది కాదు, జనం అనేది.

పసుపు ప్యాడుతో గీతలు పోయాయి. నల్ల ప్యాడుతో ఫినిషింగ్ చేసి లైటు పెట్టాను. మసక.

ఆగస్టు 14

పాత సీసాదే తప్పు. కొత్త పాలిష్‌కి చెప్పాను.

ఆగస్టు 19

దొంగ దొరికాడు! పాలిష్ కొత్తదే, తొందర మాత్రం నాది. పొద్దున మెరూన్ బండి ఫినిషింగ్ అయ్యాక లైటు పెడితే మసక కనపడింది. చిరాకేసి లైటు ఆర్పేసి ఇంటికెళ్ళి అన్నం తిని, రోజూలాగే కాసేపు నడుం వాల్చి వచ్చాను. వచ్చి చూద్దును కదా, నీడలో బండి నిగనిగలాడిపోతోంది. ఈ పాలిష్ తేలడానికి టైం పడుతుంది. రాసి పెట్టుకోవాలి: కొత్త పాలిష్‌ని అన్నం తిని వచ్చాకే చూడాలి.

ఏసోబుకి చెప్పాను. వాడిది రంగు, నాది మెరుపు, షెడ్డు ఇద్దరిదీ. వాడు స్ప్రే గన్ కడుగుతూ తల ఎత్తకుండా అన్నాడు. "అంతేలే బావా. కొన్ని పాలిష్‌లు అట్టానే ఉంటయ్."

ఆగస్టు 22

నల్ల ప్యాడ్లు త్వరగా అరిగిపోతున్నాయి. వాటి మీద చేయి వేస్తే ఎప్పుడూ తడి. నాసిరకం సరుకు తగిలింది. మా ప్యాడ్లూ గుడ్డలూ ఇంటి దగ్గర ఉతికేది అనసూయ. ఆమెతో అన్నాను, మొన్న కొన్న ప్యాడ్లు అప్పుడే అంచులు ఊడాయేమే అని. మామూలుగా అయితే ప్యాడ్ల ఖర్చు మీద ఓ పూట తగువు.

"అరిగితే అరిగినయ్ లే" అంది.

ఒంట్లో బాగాలేదేమో మనిషికి.

ఆగస్టు 24

ఈ పెన్ను ఇంకు మరీ పల్చగా వస్తోంది. రాసింది నాకే కనపడటం లేదు. స్కెచ్ పెన్ను కొన్నాను. ఇదైతే నయం. లావుగా రాయాలి కాబట్టి పేజీలో నాలుగు మాటలే పడుతున్నాయి. పడనీ.

పొద్దున చారులో తాలింపు గింజ అనుకుని నేను చీమని నమిలితే అనసూయ నవ్వి నవ్వి, తర్వాత నవ్వు ఆపేసి అంది, "గుంటూరు పోయి కళ్ళు చూపిచ్చుకోరాదా?"

ఆ మాట ఎత్తొద్దన్నాను. గట్టిగానే అన్నాను. కంచం కూడా నెట్టాను. నాన్న గుర్తొచ్చాడు. దాని గురించి రాయను.

ఆగస్టు 29

వినాయకచవితి అయిందంటే ఊళ్ళో ప్రతి బండి మీదా పసుపే. బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ వేస్తారు, కుంకుమ బొట్లు పెడతారు, పైన కొబ్బరికాయ కొడతారు. ఎండకి ఆ పసుపు క్లియర్‌లోకి దిగి కూర్చుంటుంది. తర్వాత మా దగ్గరికొచ్చి "మచ్చ పోద్దా?" అని అడుగుతారు. అద్దం మీద పెట్టమంటే దేవుడికి కోపమంట.

ఇవాళ మిషన్ మొదలెట్టగానే పాలిష్ తుంపర కుడికంట్లో పడింది. ఆ కన్ను మూసుకునే పని చేశాను. చిత్రంగా లైటు కింద మసక సగానికి సగం తగ్గింది. కన్ను కడుక్కుని తెరిచాక మళ్ళీ వచ్చింది.

లైటు కోణం తేడా. స్టాండు వంగి ఉంది.

సెప్టెంబరు 2

లైటు మార్చాను. మసక అలాగే ఉంది.

సెప్టెంబరు 6

టీ సగంలో వదిలేసి వచ్చాను. కోపంతో.

మా షెడ్డుకి ఎదురుగా టీ బంకు ఖాతూన్ బీది. సాయంత్రం టీ తాగుతుంటే ఆమె మంచి మాటే అంటున్నాననుకుని అంది. "మౌళి భాయ్, మీరిద్దరూ చానా కష్టపడతన్నారు. నువ్వు కూడికి పోతావా, ఏసోబు భాయ్ ఆ టైములో కూడా బండి ఎండలోకి తోసి మిషన్ తిప్పతానే ఉంటాడు. మళ్ళీ నువ్వొచ్చే లోపల లోపలికి తోస్తాడు. రోజూ ఇదే పని."

రోజూ అంట!

అంతా కలిసింది. తడి ప్యాడ్లు. అరిగే ప్యాడ్లు. నేను తిని వచ్చేసరికి ఒక్కోసారి జానెడు పక్కకి జరిగి ఉండే బండ్లు. నేను లేనప్పుడు నా మిషన్ పట్టుకుని నా పని నేర్చుకుంటున్నాడు. రంగూ వాడిదే, మెరుపూ వాడిదే అయితే ఇక నేనెందుకు? ఇంత వయసొచ్చాక నన్ను పక్కకి తోసే ఆలోచన. వీడి పెళ్ళికి నా సైకిల్ మీద తీసుకెళ్ళాను వీణ్ణి. బావా బావా అంటూనే!

సెప్టెంబరు 7

అడిగేశాను. షెడ్డు మధ్యలో నిలబెట్టి, బంకు దాకా వినపడేటట్టు అడిగాను.

"నేను లేనప్పుడు నా ప్యాడ్లు ఎందుకు ముట్టుకుంటన్నావురా?"

వాడు చేతిలో ఉన్న లప్పం పూసే పట్టీబద్ద కింద పెట్టాడు.

"పాలిష్ పని కూడా నువ్వే చేద్దామనా?"

"అదేం లేదు బావా."

"మరేంది? చెప్పు. నా బండ్లు ఎండలోకి తోసి ఏం పీకతన్నావ్?"

వాడు నా మొహంలోకి చూశాడు, పక్కకి చూశాడు, మళ్ళీ పట్టీబద్ద తీసుకుని గుడ్డతో తుడిచాడు. ఏదో ఒక అబద్ధమైనా చెప్తాడని చూశాను. అదీ చెప్పలేదు. ప్యాడ్లు, పాలిష్ సీసాలు అన్నీ ఇనప బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళం చెవి మొలతాడుకి కట్టుకున్నాను.

"సరే బావా" అని చొక్కా వేసుకుని వెళ్ళిపోయాడు.

తప్పు చేసినవాడే అలా నోరు మూసుకుపోతాడు.

సెప్టెంబరు 8

ఏసోబు రాలేదు. రాకపోతే రాకపోయాడు.

సెప్టెంబరు 9

ప్రదీప్ నీలం బండి మళ్ళీ తెచ్చాడు. నిన్న నేను రెండోసారి పాలిష్ చేసి పంపిందే. "అన్నా, ఎండలో పెడితే బానెట్ నిండా సుడులు సుడులుగా కనపడతందన్నా. మిషన్ తిరిగిన జాడంతా ఉంది. పోయినసారి ఇట్టా లేదే" అన్నాడు.

పొడిగుడ్డ నువ్వే వేశావని తిట్టి పంపాను. వాడు నీళ్ళు కొట్టే తుడిచానని ఒట్టు పెట్టాడు. డ్రైవర్ల ఒట్లు ఎవరు నమ్ముతారు?

సెప్టెంబరు 10

వెంకటకృష్ణయ్య గారి నల్లకారు వచ్చింది. ఈయనకి బజార్లో పురుగుమందుల కొట్టు. ఈ బండి అంటే ప్రాణం. కొన్నప్పటి నుంచీ నా చేయి తప్ప వేరే చేయి పడలేదు. దసరాకి ఆయుధపూజలో కొట్టు ముందు నిలబెడతాడు, ఊళ్ళో వ్యాపారస్తులంతా వచ్చి చూస్తారు. నా పేరు ఊళ్ళో నిలబడింది ఈ ఒక్క బండి వల్లే.

నల్ల రంగు అబద్ధం చెప్పదు. ఏ తప్పునైనా పట్టి చూపిస్తుంది. దీన్ని నేనొక్కణ్ణే, ఎవరి సాయం లేకుండా చేసి చూపిస్తాను. ఏసోబు వచ్చి చూడాలి.

"ఏసోబు ఏడయ్యా?" అని అడిగాడు ఆయన. ఊరెళ్ళాడన్నాను. ఆయన మొహం అదోలా పెట్టి, సరేలే జాగర్త అని వెళ్ళాడు. నాకు జాగ్రత్త చెప్తున్నాడు!

సెప్టెంబరు 11

వరసగా రాస్తాను.

పొద్దున షట్టర్ ఎత్తాను. ఏసోబు ఉంటే సెల్లులో కీర్తనలు పెట్టేవాడు, తగ్గించరా అని నేను తిట్టేవాణ్ణి. ఇవాళ తిట్టడానికి కూడా ఎవరూ లేరు. బండి కడిగాను, మట్టి తీశాను, అంచులకి టేపు వేశాను. నల్ల రంగు కాబట్టి మెత్తగానే మొదలెట్టాను. నల్ల ప్యాడ్, పల్చటి పాలిష్. స్పిరిట్‌తో తుడిచి లైటు పెట్టాను. మసక. పసుపు ప్యాడ్ వేశాను. మసక. నారింజ ప్యాడ్. మసక. ఆ ప్యాడ్ తీసేసి కొత్త నారింజ ప్యాడ్ వేశాను. వేరే కంపెనీ పాలిష్ వేశాను. మిషన్ స్పీడ్ తగ్గించాను. పెంచాను. మసక. మసక. మసక.

కోపం వచ్చింది. పాలిష్ మీదో, ఏసోబు మీదో, దేని మీదో తెలియదు. ఇంటికి అన్నానికి పోలేదు. అనసూయ ఫోన్ చేస్తే కట్ చేశాను. ఊలు ప్యాడ్ బిగించి కాంపౌండ్ వేశాను. మంచి బండి మీద, అందులోనూ నల్ల బండి మీద ఊలు వేసే పిచ్చివాణ్ణి కాదు నేను. అయినా వేశాను. బానెట్ మధ్యలో గట్టు ఉంటుంది, అక్కడ క్లియర్ బాగా పల్చన, అందుకే టేపు. ఆ టేపు ఒకసారి ఊడింది. మళ్ళీ వేశాను. వేశాననే అనుకున్నాను.

ఆఖరికి నల్ల ప్యాడుతో ముగించి లైటు ఆర్పి చూశాను. బాగానే ఉందనిపించింది. అన్నం తిని వచ్చాక చూడాల్సింది, ఇవాళ తినలేదు, అందుకే తేలలేదు అనుకున్నాను. ఇలా అనుకున్నానని రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా అనుకున్నది అదే.

ప్యాడ్లు సంచిలో వేసుకుని ఇంటికి పోయాను. అనసూయ దొడ్లో టబ్బులో నానేసింది. నేను టీ తాగుతున్నాను.

"ఏమయ్యో. ఇటు రా."

"ఏందే?"

"ఈ నీళ్ళు చూడు."

"నీళ్ళకేంది?"

"నల్లగా ఉండయ్."

"మురికి."

"మురికేదో నాకు తెలీదా? పెళ్ళైన కాడ్నించీ నీ ప్యాడ్లు ఉతుకుతన్నా. ఎర్ర బండైనా నల్ల బండైనా నీళ్ళు పాలలాగా తెల్లగానే వస్తయ్. రంగు దిగిందంటే పైన క్లియర్ అయిపోయినట్టేనని నువ్వే గదా చెప్పింది? రంగు దిగితే నన్ను పిలువు అని నువ్వే గదా అన్నావ్? పిలిచా. చూడు."

టబ్బులో చేయి పెట్టాను. ఊలు ప్యాడ్ పిండాను. వేళ్ళ సందుల్లోంచి నలుపు కారింది. వెంకటకృష్ణయ్య గారి బండి రంగు.

నేను అక్కడే గట్టు మీద కూర్చున్నాను. అనసూయ టబ్బు ముందే నిలబడి, తల పక్కకి తిప్పుకుని చెప్పింది. "ఏసోబన్నయ్య నీ పని లాక్కోలా. నువ్వు వదిలేసినయ్ సరి చేశాడు. నువ్వు కూడికొచ్చి పడుకుంటే బండి ఎండలోకి తోసి, నీకు కనపడని సుడులన్నీ తీసి మళ్ళీ నువ్వు పెట్టిన చోటే పెట్టాడు. ఎండాకాలం నుంచీ ఇదే. నేనే అడిగా. ఒకరోజు ప్యాడ్ ఇట్టానే లేత రంగు దిగితే భయమేసి అన్నయ్య కాడికి పోయా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే కంచం నెట్టావుగా."

సెప్టెంబరు 12

ఏం రాయను.

సెప్టెంబరు 13

పొద్దున్నే నల్లకారుని నేనే ఎండలోకి తోశాను. కళ్ళతో చూడలేదు, కళ్ళు మూసుకుని వేళ్ళతో బానెట్ తడిమాను. గట్టు మీద జారే చోట జారలేదు. బెత్తెడు పొడవున గరుకు. కళ్ళు తెరిస్తే నాకు ఆ చోటూ మిగతా బానెట్టూ ఒకలాగే మసకగా ఉన్నాయి. నా వేళ్ళకి తెలిసింది నా కళ్ళకి తెలియలేదు. భయం వేసింది. నిజంగా భయం వేసింది. మిషన్ ముట్టుకోకుండా ఏం చేసి బతుకుతాను? నాకు వచ్చింది ఇదొక్కటే.

వెనక నుంచి కీర్తన వినపడింది. ఏసోబు. అనసూయ పిలిచి ఉంటుంది. వచ్చి నా పక్కనే నిలబడి గట్టు తడిమాడు.

"బానెట్ మొత్తానికి రంగు కొట్టాలి బావా. నేను కొడతా."

మొలతాడు నుంచి తాళం చెవి తీసి వాడి చేతిలో పెట్టాను. క్షమించమని నోరు రాలేదు. వాడు కూడా దాని కోసం నిలబడలేదు.

"నువ్వైనా చెప్పొచ్చుగదరా."

"చెప్తే ఏం చేసేటోడివి?"

"తన్నేటోణ్ణి."

"అందుకే."

వెంకటకృష్ణయ్య గారి కొట్టుకి ఇద్దరం పోయాం. మాట నేనే చెప్పాను. మిషన్ రుద్ది రుద్ది బానెట్ మీద క్లియర్ కాల్చేశాను, నా చేత్తోనే, నాకు కన్ను సరిగా ఆనడం లేదు అని. కన్ను ఆనడం లేదన్న మాట నా నోటి నుంచి రావడం అదే మొదలు. ఆయన తిడతాడనుకున్నాను. కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టాడు.

"నీ కన్ను సంగతి నాకు ఎండాకాలంలోనే తెలుసయ్యా చంద్రమౌళీ. ఖాతూన్ బీ బంకు కాడ నేను నిలబడుంటే, నా పక్కనున్న కరెంటు స్తంభానికి నమస్కారం పెట్టి పోయావ్."

"మరి బండి ఎందుకిచ్చారండీ?"

"ఏసోబు చూసుకుంటాడులే అనుకున్నా."

ఊరందరికీ తెలుసు. నాకొక్కడికే తెలియదు. కాదు, నాకూ తెలుసు. తుంపర పడిన రోజే తెలుసు.

సెప్టెంబరు 14

నాన్న సంగతి రాస్తాను. ఈపూరులో ఒకప్పుడు బళ్ళో కంటి క్యాంపు పెట్టారు. నాన్నకి ఒక కన్ను కోశారు. కట్టు విప్పాక ఆ కంటితో ఏమీ కనపడలేదు. ఎవరినీ అనడానికి లేదు, కట్టుతోనే పొలం పోయి మిరపకి మందు కొట్టొచ్చాడని అమ్మ చివరిదాకా తిడుతూనే ఉండేది. నాకు గుర్తున్నది అది కాదు. బజారుకి పోతే ఆయన నా భుజం పట్టుకుని నడిచేవాడు. పట్టు చాలా గట్టిగా ఉండేది, నొప్పి పుట్టేది, అయినా చెప్పేవాణ్ణి కాదు. ఎవరి భుజమూ పట్టుకోకూడదని అప్పుడే అనుకున్నాను.

నిన్న వెంకటకృష్ణయ్య గారి కొట్టు మెట్లు దిగేటప్పుడు చూసుకున్నాను. నా చేయి ఏసోబు భుజం మీద ఉంది.

సెప్టెంబరు 18

గుంటూరు పోయాం. డాక్టరమ్మ చిన్న పిల్ల. నా గడ్డం యంత్రం మీద ఆనించి చాలాసేపు చూసింది. రెండు కళ్ళకీ శుక్లాలు, కుడిది బాగా ముదిరింది, లైటు పడితే ఇంకా మసకగా కనపడేది అందుకేనట. ఏం పని చేస్తారని అడిగింది. చెప్పాను.

"అయితే మీకు తేలిగ్గా అర్థమవుద్ది. ఇది రుద్దితే పోయే మసక కాదు, లోపల లెన్సే మసకబారింది. తీసి కొత్తది పెట్టాల్సిందే."

కన్ను పోతుందా అని అడిగాను. చెప్పినట్టు వింటే పోదంది. అనసూయ వెంటనే అందుకుంది. "వినకపోతే నాకు చెప్పండమ్మా, నేను చూసుకుంటా."

సెప్టెంబరు 23

రేపే. కుడికన్ను. భయంగా ఉంది. భయంగా ఉందని అనసూయకి చెప్పాను కూడా. ఆమె నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

అక్టోబరు 6

రాయొద్దన్నారు, అందుకే రాయలేదు. ఇవాళ కాసేపు రాసుకోవచ్చన్నారు.

అనసూయ జుట్టు ఇంత నెరిసిందని నాకు తెలియదు. మా ఇంటి గోడ ఇన్నాళ్ళూ లేత పసుపు అనుకున్నాను, తెలుపే. ఎడమకన్ను మూసి చూస్తే తెలుపు, కుడికన్ను మూసి చూస్తే పసుపు. పిల్లవాడిలా ఇదే ఆట ఆడుతున్నాను.

డైరీ వెనక్కి తిప్పాను. సెప్టెంబరు పేజీల్లో అక్షరాలు గోడ మీద ఎన్నికల రాతల్లా ఉన్నాయి. ఇంత పెద్దగా రాసుకుని కూడా నాకేమీ కాలేదనుకున్నాను చూడు.

దసరాకి నల్లకారు ఏసోబే తయారు చేసి ఇచ్చాడట. బానెట్‌కి రంగు కొట్టి, పాలిష్ కూడా వాడే పట్టాడట. చూడాలని ఉంది. షెడ్డు వైపు పోతే కాళ్ళు విరగ్గొడతానంది అనసూయ.

అక్టోబరు 15

దుమ్ము కుదరదు. షెడ్డు కుదరదు. తాలింపు పొగ కూడా కుదరదు. వంటగది గడప దాటనివ్వడం లేదు.

అక్టోబరు 30

తుఫాను వెలిసింది. ఇవాళ షెడ్డుకి పోయాను. నల్ల అద్దాలు పెట్టుకుని, చూసి రావడానికే అని ఒప్పందం.

నేను వెళ్ళేసరికి వెంకటకృష్ణయ్య గారు బండితో ఉన్నారు. నాకు చూపించాలని ఆయనే తెచ్చారు. ఈసారి నేను నమస్కారం మనిషికే పెట్టాను, ఆయన పడీ పడీ నవ్వాడు.

"చూడవయ్యా నీ ఏసోబు పనితనం. అచ్చం నీ చేయిలాగే ఉంది."

ఎండ ఏటవాలుగా బానెట్ మీద పడుతోంది. అద్దాలు తీసి చూశాను. రంగు బ్రహ్మాండంగా కొట్టాడు, అందులో వాడికి పేరు పెట్టక్కర్లేదు. కానీ పాలిష్! బానెట్ ఆ చివర నుంచి ఈ చివర దాకా సుడులు. మిషన్ ఎటు తిరిగిందో, ఎక్కడ వంచి పట్టాడో, ఎక్కడ ప్యాడ్ ఎండిపోయినా లాగించాడో, అన్నీ చదువుకోవచ్చు. నారింజ ప్యాడుతో ఆపేశాడు, నల్ల ప్యాడ్ వేసినా పైపైన వేశాడు. ఎండాకాలం నుంచీ నా బండ్లు సరి చేసిన చేయి ఇదీ! ఒకరు చేసింది సరిదిద్దడం వేరు, కొత్త రంగుకి మొదటి నుంచీ పాలిష్ పట్టడం వేరు. అచ్చం నా చేయిలాగే ఉందట. నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి.

ఏసోబు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. పరీక్ష రాసిన పిల్లవాడి మొహం.

"ఎట్టుంది బావా? నిజం చెప్పు."

నా బతుకులో ఒకరి పాలిష్ పనిని ఊరికే మెచ్చుకున్నవాణ్ణి కాదు.

"చానా బాగుందిరా" అన్నాను.

వాడి మొహం చూడాలి!

పూజకి వేసిన పసుపు మచ్చ ఒకటి మూల మీద ఉండిపోయింది. అది సాకు. మచ్చ తీసేస్తాం, సాయంత్రం దాకా ఉంచండి అని వెంకటకృష్ణయ్య గారికి చెప్పాను. ఆయన వెళ్ళాడు. ఏసోబు టిఫిన్ డబ్బా అందుకున్నాడు.

"ఇక్కడెందుకురా, ఇంటికి పోయి తినిరా. కాసేపు నడుం వాల్చు. నేను కాపలా కూర్చుంటాలే."

వాడు నన్నొకసారి చూసి వెళ్ళాడు.

బండిని ఎండలోకి తోశాను. మెత్తటి నల్ల ప్యాడ్, పల్చటి పాలిష్. మిషన్ బరువు తప్ప నా చేయి బరువు వేయలేదు. స్పిరిట్‌తో తుడిచి, లైటు పెట్టి, కుడికంటితో చూశాను. నా మొహం కనపడింది. ముసలాడైపోయాను. మసక లేదు. ఖాతూన్ బీ బంకులోంచి చూసి ఏదో అనబోయింది, వేలు నోటి మీద పెట్టుకుని చూపించాను. బండిని మళ్ళీ వాడు పెట్టిన చోటే పెట్టాను, టైరు గుర్తు మీద టైరు.

ఏసోబు వచ్చి బండి చుట్టూ తిరిగాడు. వంగి చూశాడు. ఆ పక్క నుంచి కూడా చూశాడు.

"పొద్దున కంటే ఇప్పుడు ఇంకా బాగా కనపడతందేంది బావా?"

"ఆ పాలిష్ అంతేరా. అన్నం తిని వచ్చాక తేలుద్ది."

వాడు నన్ను చూశాడు. నేను నల్ల అద్దాలు పెట్టుకున్నాను.

సాయంత్రం దొడ్లో అనసూయ ప్యాడ్ల సంచి బోర్లించింది. నల్ల ప్యాడ్ చేతిలోకి తీసుకుని నొక్కి చూసింది.

"ఇది తడిగా ఉందేందయ్యా? ఎవురు వాడారు?"

"ఏమో. నాసిరకం ప్యాడ్లే. త్వరగా అరిగిపోతన్నయ్."

ఆమె టబ్బులో నానేసి పిండింది. నీళ్ళు పాలలా తెల్లగా దిగాయి. చాలాసేపు ఆ నీళ్ళనే చూసింది.

"అరిగితే అరిగినయ్ లే" అంది.